నోటిఫికేషన్ల నిరీక్షణలో మనసును నిలబెట్టుకోవడం ఎలా: పోటీ పరీక్షల అభ్యర్థులకు ఒక ఆచరణ మార్గం

తెలంగాణలో గ్రూప్-1కు చదివినవారికి ఈ తేదీలు కంఠతా వచ్చు. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులకు ప్రకటన వెలువడింది. అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగింది. ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడటంతో 2023 మార్చిలో ఆ పరీక్ష రద్దయింది. జూన్ 11న మళ్లీ రాస్తే, సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. చివరకు 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులకు కొత్త ప్రకటన వచ్చి, జూన్ 9న మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబరు 21 నుంచి 27 వరకు మెయిన్స్ జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధ్యాయ ఉద్యోగానికి ఎదురుచూసినవారి అనుభవమూ దీనికి దూరం కాదు. 2018 డీఎస్సీ తర్వాత ఏళ్ల తరబడి నిరీక్షించాక 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు ప్రకటన వచ్చింది, అది రద్దయింది, ఆపైన 2025 ఏప్రిల్‌లో 16,347 పోస్టుల మెగా డీఎస్సీ వచ్చింది.

ఇలాంటి నిరీక్షణలో ఉన్న మనిషితో "పాజిటివ్‌గా ఆలోచించు" అంటే ఆ మాట అతన్ని మరింత ఒంటరిని చేస్తుంది. హైదరాబాదు చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో ఉదయం తలుపులు తెరవకముందే వరుసలో నిలబడిన రోజుల్లో నాకు ఆ మాట చాలామంది చెప్పారు, కానీ మరుసటి ఉదయం పుస్తకం తెరవడానికి అది ఒక్కసారి కూడా సాయపడలేదు. సాయపడినవి వేరే ఉన్నాయి. అశోక్‌నగర్ హాస్టల్‌లో ఉన్నా, అవనిగడ్డలో డీఎస్సీ శిక్షణకు వెళ్లినా, నంద్యాలలో బ్యాంకు పరీక్షలకు చదువుతున్నా, ఇంట్లో పిల్లలను పడుకోబెట్టి రాత్రిపూట పుస్తకం తీసే తల్లి అయినా, వాటిని ఈ రోజు నుంచే ఆచరణలో పెట్టవచ్చు.

ముందు ఒక శాస్త్ర విషయం తెలుసుకోవాలి, ఎందుకంటే మిగతా మార్గమంతా దాని మీదే నిలబడుతుంది. మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 1967లో ప్రచురించిన ప్రయోగాల్లో, తప్పించుకోవడానికి వీల్లేని కరెంటు షాకులు వరుసగా తిన్న కుక్కలు, ఆ తర్వాత తప్పించుకునే దారి ఎదురుగా ఉన్నా కదలకుండా పడి ఉండటం కనిపించింది. నిస్సహాయతను అవి నేర్చుకున్నాయని అప్పట్లో వారు వివరించారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, మెదడుపై జరిగిన పరిశోధనల ఆధారంగా వారిద్దరే ఆ వివరణను తిరగరాశారు. సుదీర్ఘమైన దెబ్బలకు నీరుగారిపోవడం ప్రాణికి సహజంగా వచ్చే స్పందనేనని, మెదడు నేర్చుకోవలసింది "ఇది నా చేతిలో ఉంది" అన్న సంగతినేనని వారు తేల్చారు. కాబట్టి పరీక్ష రెండుసార్లు రద్దయ్యాక మీకు పుస్తకం ముట్టబుద్ధి కాకపోతే అది మీ స్వభావంలోని లోపం కాదు. మీరు చేసిన పనికి మీ కళ్ల ముందే ఫలితం కనిపించే సందర్భాలను ప్రతిరోజూ మెదడుకు చూపించాలి. ప్రేరణ అక్కడి నుంచి పుడుతుంది.

మొదటి పని: ఒక కాగితాన్ని నిలువుగా మడవండి

ఎడమ పక్కన మీ చేతిలో లేనివి రాయండి: నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుంది, పోస్టులు ఎన్ని, కోర్టు తీర్పు ఏమవుతుంది, కటాఫ్ ఎంత, పక్క కుర్చీలో కూర్చున్నవారు ఎన్ని గంటలు చదువుతున్నారు. కుడి పక్కన మీ చేతిలో ఉన్నవి రాయండి. ఇక్కడ చాలామంది "బాగా చదవడం" అని రాసి ఊరుకుంటారు, దానివల్ల ప్రయోజనం లేదు. సాయంత్రానికి చేశానా లేదా అని అవునో కాదో చెప్పగలిగేంత స్పష్టంగా రాయాలి. "ఆర్థిక వ్యవస్థలో వ్యవసాయం అధ్యాయం చదివి, పుస్తకం మూసి, గుర్తున్నంతవరకు ఒక పేజీ రాయడం" అన్నది అలాంటి వాక్యం.

ఆ తర్వాత ఎడమ పక్కన ఉన్న విషయాలకు రోజులో ఒక సమయాన్ని కేటాయించండి. రాత్రి భోజనానికి ముందు పదిహేను నిమిషాలు అనుకుందాం. కమిషన్ వెబ్‌సైట్ చూడటం, పత్రికలో ఉద్యోగ వార్తలు చదవడం, కేసు ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడం అన్నీ ఆ పదిహేను నిమిషాల్లోనే జరగాలి. అసలైన ప్రకటన ఏదైనా వస్తే అది సాయంత్రానికి మీకు తెలియకుండా పోదు. గంటకోసారి టెలిగ్రామ్ గ్రూపు తెరిచి, "వచ్చే వారమే నోటిఫికేషన్ అట" అన్న వదంతిని చదివి, దాని మీద మరో గంట చర్చించే అలవాటు నా మొదటి ఏడాదిలో సగాన్ని మింగేసింది. అలాంటి గ్రూపుల్లోంచి మొహమాటం లేకుండా బయటకు వచ్చేయండి. మార్పు కనిపించడానికి మొదటి వారమే చాలు.

రెండో పని: ఫలితాన్ని ఊహించుకోవడం తగ్గించి, అడ్డంకిని ముందే ఊహించండి

ఈ సలహా చాలామందికి విడ్డూరంగా తోస్తుంది. కళ్లు మూసుకుని డిప్యూటీ కలెక్టర్ కుర్చీలో కూర్చున్నట్టు, ఊరంతా అభినందిస్తున్నట్టు ఊహించుకోమని ఎంతోమంది వక్తలు చెబుతుంటారు. గాబ్రియేల్ ఊటింగెన్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధన దీనికి భిన్నమైన సంగతి చెప్పింది. చదువు ముగించి ఉద్యోగం వెతుక్కునే దశలో ఉన్నవారిలో, విజయం గురించి తీపి ఊహల్లో ఎక్కువగా గడిపినవారికి రెండేళ్ల తర్వాత చూస్తే తక్కువ అవకాశాలు, తక్కువ జీతాలు వచ్చాయని 2002లో ప్రచురితమైన అధ్యయనంలో తేలింది. "నాకు ఉద్యోగం వచ్చే అవకాశం బాగానే ఉంది" అని గత అనుభవాన్ని బట్టి నమ్మినవారు మాత్రం మెరుగ్గానే ఉన్నారు. నమ్మకం వేరు, పగటి కల వేరు. పగటి కలలో మనసు ఆ విజయాన్ని ముందే అనుభవించి, దాని కోసం పడవలసిన కష్టానికి కావలసిన శక్తిని సడలించేస్తుంది.

ఇందుకు బదులుగా చేయవలసింది ఇది. రేపటి లక్ష్యం ఒకటి రాసుకుని, దాన్ని చెడగొట్టబోయే అడ్డంకి ఏమిటో నిజాయితీగా పేరు పెట్టి రాయండి. దాని కింద "ఫలానాది జరిగితే, ఫలానా పని చేస్తాను" అనే రూపంలో ఒక వాక్యం రాయండి. ఈ పద్ధతిని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దశాబ్దాలుగా పరిశీలించారు. చేయాలన్న గట్టి కోరిక ఒక్కటే ఉన్నవారికంటే, ఎప్పుడు, ఎక్కడ, ఎలా చేయాలో ముందే నిర్ణయించుకున్నవారు తమ పనిని పూర్తి చేసే అవకాశం ఎక్కువ.

నా పుస్తకంలో అప్పట్లో రాసుకున్న వాక్యాలు ఇలా ఉండేవి. "మధ్యాహ్నం భోజనం తర్వాత నిద్ర ముంచుకొస్తే, పాఠ్యపుస్తకం మూసేసి, బయట వరండాలో నిలబడి పాత ప్రశ్నపత్రంలోంచి ఇరవై బిట్లు చేస్తాను." "టీకి వెళ్లినప్పుడు కటాఫ్ చర్చ మొదలైతే, గ్లాసు ఖాళీ కాగానే లేచి వచ్చేస్తాను." "ఉదయం చెయ్యి ఫోన్ మీదికి పోతే, దాన్ని సంచిలో అడుగున పెట్టి, నీళ్ల సీసా తీసుకుని లోపలికి వెళతాను." చదవడానికి ఇవి చాలా చిన్న విషయాలుగా కనిపిస్తాయి. కానీ ఆ క్షణంలో మనసుతో వాదన పెట్టుకోవలసిన అవసరం ఉండదు, ఎందుకంటే నిర్ణయం నిన్న రాత్రే జరిగిపోయింది.

మూడో పని: బుద్ధి పుట్టేదాకా ఆగకండి, పది నిమిషాలు మొదలుపెట్టండి

ముందు ఉత్సాహం రావాలి, తర్వాత పని మొదలవాలి అనుకుంటాం. కుంగుబాటుకు వైద్యులు, మనస్తత్వ నిపుణులు వాడే ఒక చికిత్సా పద్ధతి దీన్ని తిరగేసి నడుస్తుంది. మనసు బాగుపడేదాకా ఆగకుండా, ముందే నిర్ణయించుకున్న చిన్న పనులను వేళకు చేయించడం ద్వారా మనసును బాగుచేస్తారు. చదువు విషయంలోనూ ఇది పనిచేస్తుంది. పుస్తకం ముట్టబుద్ధి కాని రోజున "ఈ రోజు పది గంటలు చదవాలి" అన్న ఆలోచనే కొండలా కనిపించి మంచం దిగనివ్వదు. ఆ రోజుకు పది నిమిషాలే నియమం పెట్టుకోండి. నిన్న ఆగిన పేజీని ముందు రాత్రే తెరిచి, దాని మీద పెన్ను పెట్టి పడుకుంటే, ఉదయం ఎక్కడ మొదలుపెట్టాలో వెతుక్కునే బాధ కూడా తప్పుతుంది. పది నిమిషాల తర్వాత లేచిపోవాలనిపిస్తే నిజంగానే లేచిపోండి. ఆ అనుమతి నిజమైనదైతేనే మరునాడు మనసు మిమ్మల్ని నమ్మి మళ్లీ కూర్చుంటుంది.

ఇరవై ఒక్క రోజుల్లో అలవాటు కుదిరిపోతుందని మీరు వినే ఉంటారు. ఫిలిప్పా లాలీ బృందం లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో 96 మంది మీద జరిపిన అధ్యయనంలో, ఒక పని అప్రయత్నంగా జరిగే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా మారింది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడిపోలేదని కూడా వారు గమనించారు. పండక్కి ఊరు వెళ్లి మూడు రోజులు చదవలేదని నెల రోజులు దిగాలు పడేవారు ఈ ఒక్క విషయం గుర్తుపెట్టుకుంటే ఎంతో భారం దిగుతుంది. తప్పిన రోజుకు శిక్షగా మరునాడు రెట్టింపు చదవాలని మాత్రం పెట్టుకోకండి. అలాంటి అప్పు పెరుగుతుందే తప్ప తీరదు.

నాలుగో పని: ఆత్మవిశ్వాసాన్ని రుజువులతో కట్టుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇవ్వవలసింది దీనికే, ఎందుకంటే దీర్ఘకాలం చదివేవారి మనసు ఎక్కువగా విరిగేది ఇక్కడే. ఒకే పుస్తకాన్ని రంగురంగుల గీతలు గీస్తూ నాలుగుసార్లు చదివినప్పుడు అంతా వచ్చినట్టే ఉంటుంది. మాక్ టెస్టులో కూర్చోగానే నాలుగు సమాధానాల్లో రెండు సరైనవిగానే కనిపిస్తాయి, మార్కులు సగానికి పడిపోతాయి, "నా వల్ల కాదు" అనే నిర్ణయానికి ఆ సాయంత్రమే వచ్చేస్తాం. తెలివిని అనుమానించే ముందు చదివిన పద్ధతిని పరిశీలించాలి.

రోడిగర్, కార్పికే అనే పరిశోధకులు 2006లో ప్రచురించిన ప్రయోగంలో, ఒక పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత పెట్టిన పరీక్షలో మాత్రం, పాఠాన్ని చదివి, దాన్ని చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారే ముందున్నారు. మళ్లీ చదవడం ఇచ్చే ధైర్యం ఐదు నిమిషాల ధైర్యం. చూడకుండా రాయడం మొదట్లో చిరాకు కలిగిస్తుంది, పేజీలో ఖాళీలు కనిపించి మనసు చివుక్కుమంటుంది, కానీ వారం తర్వాత నిలబడేది అదే.

కాబట్టి ప్రతి అధ్యాయం తర్వాత పుస్తకం మూసి రాయండి. రాసినదాన్ని పుస్తకంతో పోల్చి, వదిలేసినవాటిని ఎర్ర సిరాతో చేర్చండి. వారం తర్వాత అదే అధ్యాయాన్ని మళ్లీ చూడకుండా రాసి, రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టండి. ఎర్ర సిరా తగ్గి ఉంటుంది. ఆ తగ్గిన ఎర్ర సిరాయే మీరు ముందుకు కదులుతున్నారనడానికి రుజువు, దాన్ని ఏ కోర్టూ, ఏ కమిషనూ రద్దు చేయలేదు. ఈ కాగితాలను పారేయకుండా ఒక ఫైలులో దాచండి. మనసు బాగాలేని రోజున ఎవరి ప్రసంగమో వినడానికి ఫోన్ తీసే బదులు, ఆ ఫైలు తీసి మూడు నెలల కిందటి కాగితం చూడండి.

రాత్రి పడుకునే ముందు మూడు వాక్యాలు రాసే అలవాటు దీనికి తోడైతే ఇంకా మంచిది. ఈ రోజు పూర్తయినది ఏమిటి, గత వారం రాక ఈ రోజు వచ్చినది ఏమిటి, రేపు మొదట తెరిచే పేజీ ఏది అన్నవే ఆ మూడు. గంటల లెక్క రాయకండి. పన్నెండు గంటలు కూర్చున్నానని రాసుకున్న రోజుల్లో నేను నిజంగా నేర్చుకున్నది ఎంతో నాకే తెలుసు.

ఐదో పని: ఫలితం రాని రోజున ఏం చేయాలో ముందే నిర్ణయించుకోండి

రెండు మార్కుల తేడాతో పోయిన రోజున మనిషి తనతో తాను మాట్లాడుకునే మాటలు చాలా ప్రమాదకరమైనవి. "నేను ఎప్పటికీ ఇంతే, దేనికీ పనికిరాను, తప్పంతా నాదే" అన్న వాక్యాన్ని విడదీసి చూడండి. "ఎప్పటికీ" అన్న మాట ఒక పరీక్షను జీవితకాలానికి సాగదీసింది. "దేనికీ" అన్న మాట ఒక విషయాన్ని అన్నిటికీ పులిమింది. "అంతా నాదే" అన్న మాట ప్రశ్నపత్రం కఠినత్వాన్ని, పోస్టుల సంఖ్యను, ఆ రోజు మీ ఆరోగ్యాన్ని లెక్కలోకే తీసుకోలేదు. సెలిగ్మన్ తర్వాతి కాలంలో ఎక్కువగా పరిశోధించింది ఇలాంటి వివరణల గురించే. ఆ వాక్యాన్ని కొట్టివేసి, దాని కింద నిజానికి సరిపోయే వాక్యం రాయండి: "ఈసారి ప్రిలిమ్స్‌లో, మెంటల్ ఎబిలిటీ విభాగంలో సమయం చాలక పద్నాలుగు ప్రశ్నలు వదిలేశాను." రెండో వాక్యం ఓదార్పు కోసం రాసింది కాదు. దాని మీద పని చేయవచ్చు, మొదటిదాని మీద చేయలేం.

ఫలితం వచ్చిన మూడు రోజుల దాకా ఏ నిర్ణయమూ తీసుకోకండి. పుస్తకాలు అమ్మేయడం, హాస్టల్ ఖాళీ చేయడం, ఇంకో లక్ష రూపాయలు పెట్టి కొత్త కోచింగ్‌లో చేరడం, ఏదీ వద్దు. నాలుగో రోజున ప్రశ్నపత్రం, కీ ముందు పెట్టుకుని తప్పులను నాలుగు కుప్పలుగా వేరు చేయండి: అసలు చదవనివి, చదివినా గుర్తురానివి, ప్రశ్నను సరిగా చదవక తప్పినవి, ఊహించి పెట్టి తప్పినవి. మొదటి కుప్పకు కొత్త పుస్తకం కావాలి, రెండోదానికి రివిజన్ కావాలి, మూడోదానికి పాత ప్రశ్నపత్రాల సాధన కావాలి. ఏపీపీఎస్సీ ప్రిలిమ్స్‌లో మాదిరిగా తప్పు సమాధానానికి మూడో వంతు మార్కు కోత పడే పరీక్షలో నాలుగో కుప్ప పెద్దదైతే, చదువు చాలినా నిగ్రహం చాలలేదని అర్థం. ఈ లెక్క పూర్తయ్యేసరికి "నా వల్ల కాదు" అన్న మాట నాలుగు చిన్న పనులుగా మారి కాగితం మీద కనిపిస్తుంది.

ఆరో పని: ఇంటివారితో మీరే ముందు మాట్లాడండి

ఆదివారం ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. "ఇంకా ఎన్నాళ్లు పడుతుందిరా?" అని నాన్న అడుగుతారు. ఆ ప్రశ్నలో కోపం కంటే ఎక్కువగా భయం ఉంటుంది, ఎందుకంటే మీరు ఏం చేస్తున్నారో ఆయనకు కనిపించదు. "చూద్దాం నాన్నా" అన్న జవాబు ఆ భయాన్ని పెంచుతుంది. "నాన్నా, ఈ నెలలో పాలిటీ, చరిత్ర రెండోసారి పూర్తి చేశాను. వచ్చే నెల ఆఖరుకు ఆర్థిక వ్యవస్థ అయిపోతుంది. ఫలానా తేదీ దాకా ప్రయత్నిస్తాను, ఆ తర్వాత ఏం చేయాలో మీతో కూర్చుని మాట్లాడతాను" అని మీరే ముందు చెబితే, ఆయనకూ బంధువులకు చెప్పుకోవడానికి ఒక మాట దొరుకుతుంది. పెళ్లి మాటలతో ఒత్తిడి పడే అమ్మాయిలకు ఇది ఇంకా అవసరం. గడువు లేని ప్రయత్నాన్ని ఇంట్లోవాళ్లు మొండితనంగా చూస్తారు, తేదీ ఉన్న ప్రయత్నానికి కనీసం చర్చలో చోటు దొరుకుతుంది.

ఆ తేదీని నిజంగానే నిర్ణయించుకోండి, దానికి తోడుగా రెండో దారి ఒకటి సిద్ధం చేసుకోండి. రెండో దారి ఉంటే పట్టుదల సడలుతుందని కొందరు అంటారు. నేను చూసినంతలో జరిగింది అందుకు విరుద్ధం. ట్యూషన్లు చెప్పుకుంటూనో, పూట ఉద్యోగం చేసుకుంటూనో చదివినవారు పరీక్ష హాలులో ప్రాణం మీదికి వచ్చినట్టు కూర్చోలేదు, స్థిమితంగా రాశారు. వయోపరిమితి, ఇంటి అప్పు, పెద్దల ఆరోగ్యం, ఈ మూడూ చూసుకుని తేదీ పెట్టుకోవాలి తప్ప, స్నేహితుడు ఎంతకాలం చదివాడో చూసి పెట్టుకోకూడదు.

నిద్ర, తిండి, నడక గురించి పొడవుగా చెప్పనక్కర్లేదు. చదివినది జ్ఞాపకంలో స్థిరపడటానికి నిద్ర ఎంతో అవసరం కనుక, నాలుగు గంటల నిద్రతో చేసే రివిజన్ చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే అవుతుంది. డబ్బు మిగుల్చుకోవడానికి పూట తిండి మానేయడం కంటే హైదరాబాదులో ఐదు రూపాయల భోజనం దొరికే కేంద్రం దగ్గర వరుసలో నిలబడటం ఎంతో మేలు. సాయంత్రం అరగంట నడవండి, ఆ అరగంటలో చెవుల్లో కరెంట్ అఫైర్స్ పెట్టుకోకండి.

ఇవేవీ పని చేయనప్పుడు

పైన చెప్పినవన్నీ అలసిన మనసుకు సరిపోతాయి, జబ్బు చేసిన మనసుకు సరిపోవు. రెండు వారాలకు పైగా రోజంతా దిగులుగా ఉండటం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం లేదా లేవలేకపోవడం, ఆకలి పోవడం, బతకడం అనవసరమన్న ఆలోచన రావడం కనిపిస్తే అది వైద్యం కావలసిన స్థితి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగవద్దు, ఆ రోజే ఎవరికైనా చెప్పండి. హాస్టల్‌లో మీ పక్క మంచం మీద ఉన్న మిత్రుడు గదిలోంచి బయటకు రావడం మానేసినా, పుస్తకాలు పంచిపెట్టేస్తున్నా, "ఏమైంది, చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని సూటిగా అడగండి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కర్లేదు. అతన్ని ఒంటరిగా వదలకుండా, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి మీరే వెంటబెట్టుకుని వెళ్లండి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవకు 14416 నంబరు మీద పగలూ రాత్రీ ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడవచ్చు. ఫోన్ కలిశాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక చాలామంది పెట్టేస్తారు. "నేను పరీక్షలకు చదువుతున్నాను, కొన్ని రోజులుగా నిద్ర పట్టడం లేదు, చదవలేకపోతున్నాను" అన్న ఒక్క వాక్యం చెప్పండి, మిగతావి అవతలివారు అడుగుతారు.